పక్కగది చప్పుడు

"అత్తయ్యా, రెండు ముద్దలు తినండి. సంతకం సంగతి తర్వాత చూసుకుందాం."

"సంతకం తర్వాతైతే ముద్దా తర్వాతే."

తలుపు అవతలి నుంచి ఆ ఒక్క మాటే వచ్చింది. వెంటనే మోటారు మిషను జుయ్యిమంది. అత్తగారికి మాట్లాడటం ఇష్టం లేనప్పుడు ఆవిడ తరఫున మిషనే మాట్లాడుతుంది.

కోడలు కంచం పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. నిన్న పొద్దున పట్టిన పంతం ఇది. నాలుగు పూటలైంది. డెబ్బై దగ్గర పడిన మనిషి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా బడిపిల్లల చొక్కాలకు కాలర్లు వేస్తూ కూర్చుంది. పస్తున్న చేతిలో కుట్టు ఒక్కటీ వంకర పోలేదు. కోడలికి అదే ఎక్కువ భయంగా ఉంది.

ముందుగదిలో పాటల కంపెనీ మనిషి దగ్గాడు. తొమ్మిదింటికి వస్తానని ఎనిమిదిన్నరకే వచ్చాడు. ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని మీద కాగితం, కాగితం మీద కలం.

"తొందరేం లేదు మేడమ్," అన్నాడు తొందరగా. "సాయంత్రానికి ఆల్బమ్ అట్ట అచ్చుకి వెళ్ళాలి, అంతే."

కాగితంలో ఉన్నది నాలుగు పంక్తులు. ఈ ఆల్బమ్‌లోని నాలుగు పాటలూ నా భర్త బతికుండగా పాడినవే, గొంతు ఆయనదే అని భార్యగా రాసి ఇస్తున్నాను. కింద గీత. గీత మీద సంతకం.

మూడు పాటలతో ఆమెకు పేచీ లేదు. పేచీ నాలుగోదానితోనే.

ఊరంతా బొంగురన్న అని పిలుచుకున్న ఆమె భర్త పోయి పదకొండు నెలలైంది. వేదికెక్కి గిటారు చేతబట్టి వేలమందిని ఊపిన మనిషి, ఊపిరితిత్తుల జబ్బుతో చివరి ఏడాది వెనకగదిలోనే గడిపాడు. కంప్యూటరంటే ఆయనకు పడేది కాదు. పాత క్యాసెట్ రికార్డరు ముందు కూర్చుని, ఒక్కో పంక్తికీ ఊపిరి కూడగట్టుకుని, మాట కుదరని చోట తానన అని వదిలేసి, సగం సగం పాటలు ఆరు మిగిల్చి పోయాడు. అందులో మూడింటిని కంపెనీ మొదటి ఆల్బమ్‌గా విడుదల చేసింది. ఆయనకు గిట్టని వయొలిన్లు నిండా పోసింది. తానన ఉన్న చోటల్లా ఏదో ఒకటి పూడ్చింది. అయినా జనం ఎగబడ్డారు. ఇంక మిగిలింది మూడు. మొత్తం ఆరు. ఆరంటే ఆరే.

ఆ లెక్క ఆమె దగ్గర తప్పిపోదు. పార్సిల్ ఆఫీసులో తూకం దగ్గర కూర్చునే మనిషి. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన చెప్పులు కూడా విప్పనిచ్చేవాడు కాదు. గుమ్మంలోనే ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి ఆ రోజు పాడిన ముక్క వినిపించేవాడు. బాగుందంటే, "నిజంగా బాగుందా, రోగిష్టి మొగుడని అంటున్నావా?" అనేవాడు. ఆఫీసు నుంచి తెచ్చిన పార్సిల్ చీటీ మీద తేదీ వేసి, ఆమే క్యాసెట్‌కు అంటించేది. ఆరు క్యాసెట్లు, ఆరు చీటీలు.

మరి వారం కిందట ఏడోది ఎక్కణ్ణుంచి ఊడిపడింది? డ్రమ్ముల పెట్టె అడుగున దొరికిందన్నాడు మరిది. దాని మీద చీటీ లేదు.

"కళాకారులు కదా మేడమ్," అన్నాడు కంపెనీ మనిషి, గొంతు తగ్గించి. "భార్యకి కూడా చెప్పని మూల ఒకటి ఉంటుంది వాళ్ళకి."

"ఈ మాట మీ ఆవిడతో అన్నారా ఎప్పుడైనా?"

"నాకింకా పెళ్ళి కాలేదండి."

"అందుకే."

అతను కలం సర్దుకున్నాడు. "మీరు ఆఫీసులో ఉన్నప్పుడు పాడి ఉంటారు. పగలంతా ఇంట్లోనే ఉండేవారు కదా."

"తూచకుండా చీటీ రాయను నేను. మా ఆఫీసులో అదే పద్ధతి."

"తూచమనే కదా మేడమ్, వారం నుంచీ అంటున్నాం. మీరే పాట వినలేదు."

అది నిజమే. వినలేదు. వింటే, తనకు చెప్పకుండా ఆయన ఒక పాట దాచుకున్న మాట నిజమైపోతుంది. పన్నెండేళ్ళ కాపురంలో ఆమెకు మిగిలింది గుమ్మంలో గడిపిన ఆ పదేసి నిమిషాలే. అందులో కూడా అబద్ధం ఉందని ఎవరు వినదలుచుకుంటారు?

పక్కగదిలో మిషను ఆగింది. తలుపు తెరుచుకుంది.

అత్తగారు మెడలో కొలతల టేపుతో, చీర కొంగున గుచ్చిన సూదులతో వచ్చి నిలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం కొత్త కత్తెరలా ఉన్నాయి.

"ఏం తూస్తావే? నా కొడుకుని తూస్తావా?"

"ఆ మాట నేనలేదు అత్తయ్యా."

"అనకపోతే ఏం? ఇరవై ఏళ్ళు పాడాడు. రోడ్ల మీద పాడాడు, రైళ్ళ మీద పాడాడు. నీ జడ మీద పాడాడు, నీ అలక మీద పాడాడు. ఇంటి ఎదురుగా కాలవ కంపు కొడుతోందని దాని మీద కూడా పాడాడు. కన్నతల్లి మీద ఒక్కటి పాడలేదు. పోతూ పోతూ పాడితే అది నీ కంట్లో నలుసైంది."

"నలుసు కాదు. నాకు ఎందుకు వినిపించలేదా అని."

"అన్నీ నీకు వినిపించాలని రాసిచ్చాడా? ఊరంతా నా కుట్టే తిరుగుతోందని పాడాడు నా బిడ్డ. జన్మకి ఒక్కసారి నా పని వాడికి కనబడింది. దాన్నీ ఆపుతావు."

కంపెనీ మనిషి చేతులు కట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు. ఇలాంటి ఇళ్ళు చాలా చూసినవాడిలా ఉన్నాడు.

అప్పుడే మరిది బజారు నుంచి వచ్చాడు. చేతిలో రొట్టె, తల్లికి మోకాలి నూనె. పద్దెనిమిదేళ్ళు అన్న వెనక కూర్చుని డ్రమ్ములు వాయించిన మనిషి. ఫొటోల్లో అన్న భుజం అడ్డొచ్చి సగం మొహమే పడేది. గొంతు మాత్రం ఇద్దరిదీ ఒకటే. పెళ్ళయిన కొత్తలో ఆమె ఫోనులో మొగుడనుకుని ఇతణ్ణి పావుగంట తిట్టిపోసింది. అంతా ఓపిగ్గా విని, "అన్నయ్య రాగానే చెప్తాను వదినా," అని పెట్టేశాడు.

"తిన్నావా అమ్మా?"

"మీ వదిన్ని అడుగు."

అతను రొట్టె బల్ల మీద పెట్టాడు. కంపెనీ మనిషిని చూసి నవ్వాడు. అంత బాగున్న నవ్వు కాదది.

"పొద్దున్నే వచ్చేశారే. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా అన్న గొంతు బారెడైపోయినట్టుంది మీకు."

"నోర్ముయ్," అంది తల్లి. "వాడి పేరెత్తే అర్హత ఉందా నీకు?"

"పేరెత్తలేదమ్మా. గొంతే ఎత్తాను." కుర్చీ లాక్కుని కూర్చుని, కంపెనీ మనిషి వైపు తిరిగాడు. "నా క్యాసెట్ ఒకటి మీ ఆఫీసులో రెండేళ్ళుంది. గుర్తుందా? డ్రమ్ములవాడి పాట ఎవడు కొంటాడన్నారు."

"అప్పట్లో నేను వేరే విభాగంలో ఉండేవాణ్ణి సార్."

"ఔను. అందరూ వేరే విభాగమే."

మరిది వేళ్ళు అలవాటు కొద్దీ మోకాలి మీద దరువు వేస్తున్నాయి.

"విను వదినా," అన్నాడు కాసేపటికి, ఆమె వైపు చూడకుండా. "ఒక్కసారి విను. వాళ్ళ స్పీకర్లో కాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను."

అతను ఎప్పుడూ ఆమెను ఏదీ అడిగిన మనిషి కాదు. మెతుకు రాలినా చప్పుడు కాకుండా తినే రకం. అందుకే ఆమె ఆ మాటకి లేచింది.

వెనకగదిలోంచి ఆయన హెడ్‌ఫోన్లు తెచ్చుకుంది. గుమ్మంలోకి వెళ్ళి చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికి మేడమ్?" అన్నాడు కంపెనీ మనిషి కంగారుగా.

"ఎక్కడికీ కాదు. పాట పెట్టండి."

అత్తగారు ఛీ అన్నట్టు తల తిప్పుకుని తన గదిలోకి పోయింది. తలుపు వేసుకుంది. మిషను మళ్ళీ మొదలైంది.

హెడ్‌ఫోన్లు చెవులను మూసేశాయి. గిటారు తీగ మీద వేలు జారిన చప్పుడు. తర్వాత గొంతు.

ఆమె గోడ పట్టుకుంది. అదే బొంగురు. అదే రంపపు కోత. పదకొండు నెలలుగా ఆ గొంతు ఇలా చెవిలో వినని మనిషి, ఎండలో నిలబెట్టిన మంచుముక్కలా అయిపోయింది.

*నువ్వు కుట్టిన చొక్కాలన్నీ ఊరంతా తిరుగుతున్నాయి,*
*నేనొక్కణ్ణే గుండీ లేకుండా నీ ముందు నిలబడ్డాను.*

పాటలో ఒక్క తానన లేదు. ఊపిరి కోసం ఆగిన చోటు లేదు. మాటలన్నీ నిండుగా, ఎప్పట్నుంచో రాసి పెట్టుకున్నట్టు ఉన్నాయి. ఆమెకు మొదట అదే గుచ్చుకుంది. నా దగ్గరేమో సగం పాటలు, అమ్మ దగ్గరేమో నిండు పాటా?

తర్వాత గుండీ గుచ్చుకుంది.

ఆయన చొక్కాకు గుండీ లేకపోవడమేమిటి? కార్యక్రమానికి వెళ్ళే ముందు గుండీలన్నీ లాగి చూసి, వదులైనది ఆయన ఒంటి మీదే బిగించి దారం పళ్ళతో కొరికేది అత్తగారు. మరిది పక్కనే నిలబడి ఉండేవాడు. అన్న పాతచొక్కాలు కత్తిరించి కుట్టినవే చిన్నప్పట్నుంచీ అతనికి. అన్న కాలర్ అరిగాకే అతనికి చొక్కా వచ్చేది.

ఆమె కళ్ళు తెరిచింది. పాట నడుస్తోంది. పాట వెనక మిషను నడుస్తోంది.

ఆయన ఇంట్లో పాడిన పాటలన్నిట్లో పక్కగది చప్పుడు ఉండేది. టకటక టకటకమని తొక్కుడు మిషను, కుట్టు చివర ఆగి, బట్ట తిప్పుకుని మళ్ళీ టకటక. దాన్ని తీసేస్తామని కంపెనీ అంటే ఆమే వద్దంది. ఇప్పుడు దాని కోసమే కుర్రకారు వచ్చి కిటికీలోంచి తొంగి చూసి పోతున్నారు.

ఇందులో టకటక లేదు.

ఆమె చెయ్యెత్తింది. "వెనక్కి పెట్టండి."

మళ్ళీ విన్నది. తీగ, గొంతు, చొక్కాలు, గుండీ. వెనకాల ఎక్కడా ఆగకుండా జుయ్యిమంటూ సాగే చప్పుడు. ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది. చెవుల్లో పాట ఆగింది. చప్పుడు ఆగలేదు. అత్తగారి తలుపు వెనక నుంచి అదే జుయ్యి. మళ్ళీ పెట్టుకుంది. అదే. తీసింది. అదే.

మోటారు మిషను ఇంటికి వచ్చింది ఆయన పోయిన మూడో నెలలో. అత్తగారి మోకాలు వాచి తొక్కలేకపోతుంటే, మరిది భుజాన పెట్టుకుని మెట్లెక్కించి తెచ్చాడు. అప్పట్నుంచి తొక్కుడు మిషను సామాన్ల గదిలో దుప్పటి కింద ఉంది.

ఆమె మరిది వైపు చూసింది. అతని వేళ్ళ దరువు ఆగిపోయింది.

"బాగుందా మేడమ్?" అన్నాడు కంపెనీ మనిషి, కలం మూత తీస్తూ.

ఆమె గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అతని ఒళ్ళోంచి కాగితం తీసుకుని, అత్తగారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అత్తగారు తలెత్తలేదు. కాలర్ చుట్టూ సూది తిరుగుతోంది.

"విన్నాను అత్తయ్యా."

"ఇప్పటికైనా."

"మంచి పాట. ఈ పాట పాడేటప్పుడు మీరేం కుడుతున్నారు?"

"హోటలు వాళ్ళ పరదాలు. పొడుగు కుట్లు కదా, ఎక్కడా ఆగక్కర్లేదని..."

అత్తగారి పాదం మోటారు పెడల్ మీద నుంచి లేచింది. గదిలో ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోయింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టి వెళ్ళారు.

"చిన్నోడు చెప్పాడా?"

"మిషను చెప్పింది."

అత్తగారు కొత్త మిషను వైపు చూసింది. ఇంట్లో పెట్టుకుని పోషిస్తే చాడీలు చెప్పిన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పెద్దోడి పాటలన్నిట్లో నేనున్నా కదా. నా చప్పుడు లేకపోతే జనం నమ్మరనుకున్నా. వాడు కుట్టొద్దన్నాడు. నేనే తలుపు తీసి పెట్టి కుట్టా." కాస్త గర్వంగానే చెప్పింది. "ఇది వేరేగా మోగుతుందని తోచలేదు. రోజూ వింటున్నా కదా. నా చెవికి అన్నీ ఒకటే."

"పాడమన్నది మీరేనా?"

"నేనే. వాడెప్పుడో రాసుకున్నాడట. ఒకరోజు వచ్చి వాడి పద్ధతిలో పాడి వినిపించాడు. నాకేం ఎక్కలేదు. అన్నలా పాడరా అన్నా. పాడాడు." ఆవిడ గుమ్మం వైపు చూసింది. "పెద్దోడు వచ్చి ఆ గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. ఆరు పాటలున్నాయి, ఆరూ నీవే. నాకేది? ఒక్కటుండొద్దా నాకు?"

"ఉంది అత్తయ్యా. చిన్నోడిది ఉంది."

"నాకు పెద్దోడిది కావాలి."

"రెండో పంక్తి విన్నారా మీరు?"

"ఏ పంక్తి?"

"గుండీ లేకుండా నిలబడ్డానని. ఎవరు నిలబడ్డారు మీ ముందు అలా? మా ఆయనా?"

అత్తగారు సూదిలోంచి దారం లాగింది. మళ్ళీ ఎక్కించబోయింది. కళ్ళజోడు ఒళ్ళోనే ఉంది, దారం బెజ్జం పక్కనుంచి పోతోంది.

"పాటన్నాక ఏదో ఒకటి అంటారు," అంది.

తలుపు కొంచెం తెరుచుకుంది. మరిది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. లోపలికొచ్చి తలుపు మూశాడు.

"వారం నుంచి చూస్తున్నా వదినా, ఎవరైనా పట్టుకుంటారేమోనని. కంపెనీలో ఇద్దరు ఇంజనీర్లు విన్నారు. ఆహా, ఆ పాత మిషను చప్పుడు, అన్నారు."

"తెలిసే ఉంచావా?" అంది తల్లి.

"డ్రమ్ములవాణ్ణమ్మా. చప్పుడు తెలియదా నాకు?"

"తెలిసి నన్ను ఊళ్ళో అల్లరి చేద్దామనుకున్నావు."

"లేదు. ఆ పాటలో నాదని చెప్పుకోడానికి అదొక్కటే ఉంది. నేను కొన్న మిషను."

తల్లి అతని వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది అనిపించింది కోడలికి. చిరుగు ఎక్కడుందో, మాసిక ఎంత పడుతుందో కొలుస్తున్న చూపు అది.

తర్వాత లేచింది. నాలుగు పూటల పస్తుకు కాళ్ళు తూలాయి. మరిది పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. గోడ పట్టుకుని సామాన్ల గదిలోకి వెళ్ళింది. దుప్పటి లాగిన చప్పుడు. దుమ్ముకు దగ్గు. బెల్టు చక్రం మీదికి ఎక్కించిన చప్పుడు.

"అత్తయ్యా, మోకాలు..."

"నా మోకాలి సంగతి నాకు తెలుసు. చిన్నోడా, వెళ్ళి ఆ గదిలో కూర్చో. క్యాసెట్ పెట్టు. ఈసారి దీన్ని తొక్కుతా. మళ్ళీ పాడు."

మొదటి తొక్కుకు బెల్టు కిర్రుమంది. రెండోదానికి జారింది. మూడోదానికి పట్టుకుంది.

టకటక టకటక.

ఎనిమిది నెలల తర్వాత ఆ చప్పుడు వినబడేసరికి కోడలి తల తనంతట తనే వెనకగది వైపు తిరిగింది. అక్కడ గిటారు గోడకు ఆనించి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది.

ముందుగదిలోంచి కంపెనీ మనిషి పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇదే మేడమ్, ఇదే ఆ చప్పుడు. అమ్మగారూ, ఆపకండి, ఒక్క నిమిషం ఇలాగే తొక్కండి," అంటూ ఫోను తీసి పట్టుకున్నాడు. ఇప్పుడెందుకు తొక్కుతోందని మాత్రం అడగలేదు.

అత్తగారు ఆపలేదు. నొప్పికి పళ్ళు బిగించి, సూది కింద బట్టే లేని మిషను తొక్కుతోంది.

మరిది వెళ్ళి వెనకగదిలో అన్న కుర్చీలో కూర్చున్నాడు. మైకు ముందుకు లాక్కున్నాడు. క్యాసెట్ మాత్రం చేతిలోనే పట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ వదిన వైపు చూశాడు. ఆమె చేతిలో కాగితం నలిగి ఉంది.

"తూచావుగా వదినా," అన్నాడు, కంపెనీ మనిషికి వినపడనంత మెల్లగా. "చీటీ మీద పంపినవాడి పేరు ఎవరిది రాస్తావు?"

"పాడరా," అంది సామాన్ల గదిలోంచి తల్లి. "నా కాలు ఎక్కువసేపు ఆగదు."